చిట్టా ఒకరిదా, పదిమందిదా? సరిహద్దు ఊళ్ల లెక్కలకు ఏ డేటాబేస్

క్లుప్తంగా

డేటాబేస్‌ను, అంటే లెక్కలను భద్రపరిచి అడిగినప్పుడు వెతికి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను, ఎంచుకునే ముందు లెక్కలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న కంటే మరో మూడు ప్రశ్నలు ముఖ్యం. ఒకే క్షణంలో ఎంతమంది రాస్తారు? వారు ఎంత దూరంలో ఉంటారు? ఆ యంత్రాన్ని చూసుకునే మనిషి ఉన్నాడా? ఒక్క కంప్యూటర్ మీద నడిచే దుకాణానికీ, సిగ్నల్ అందని కొండ ఊరిలో ఫోనులో వివరాలు నమోదు చేసే కార్యకర్తకూ ఎస్‌క్యూలైట్ వంటి ఎంబెడెడ్ (వాడే ప్రోగ్రామ్‌లోనే కలిసి ఉండే) డేటాబేస్ చాలు. నాలుగు కౌంటర్ల నుంచి ఒకే నిల్వను మార్చవలసి వస్తే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి సర్వర్ (విడిగా నడుస్తూ అందరి అభ్యర్థనలూ తీసుకునే) డేటాబేస్ కావాలి.

రెండు మాటల మధ్య నలిగే దుకాణదారు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లో కౌంటర్ ముందు తెలుగు వినిపిస్తుంది, ప్రభుత్వ కాగితం ఒడియాలో వస్తుంది, కొనుగోలుదారు పార్వతీపురం నుంచో పాతపట్నం నుంచో వస్తాడు. ఇలాంటి చోట చేతిరాత ఖాతాల నుంచి కంప్యూటర్ బిల్లులకు మారాలనుకునే వ్యాపారికి రెండు రకాల సలహాలు అందుతాయి. ఒకరు ‘అంతా ఒక్క ఫైలులోనే ఉంటుంది, సర్వర్ ఖర్చు ఎందుకు’ అంటారు. మరొకరు ‘సర్వర్ లేని డేటాబేస్ ఆటబొమ్మ, లెక్కలు పెరిగితే కూలిపోతుంది’ అంటారు. రెండూ సగం నిజాలే. మొదటి మాట నమ్మి మూడు కంప్యూటర్లను ఒకే ఫైలుకు కలిపినవారూ నష్టపోతారు, రెండో మాట నమ్మి రోజుకు యాభై బిల్లుల కోసం సర్వర్ పెట్టినవారూ నష్టపోతారు. అందుకే ఈ రెండూ లోపల ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం అవసరం.

ఓడలో పుట్టిన ఆలోచన

ఎస్‌క్యూలైట్ చిన్న దుకాణాల కోసం పుట్టలేదు. అమెరికా నౌకాదళానికి చెందిన డిస్ట్రాయర్ తరగతి యుద్ధనౌకలో వాడే సాఫ్ట్‌వేర్ మీద డి. రిచర్డ్ హిప్ పనిచేస్తున్న కాలంలో ఆ ఆలోచన వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇన్ఫార్మిక్స్ అనే సర్వర్ డేటాబేస్ మీద ఆధారపడేది. సర్వర్ ఆగిపోతే ప్రోగ్రామ్ చేయగలిగింది ఏమీ ఉండదు, తెర మీద సందేశం చూపించడం తప్ప. ప్రోగ్రామే నేరుగా డిస్క్ నుంచి చదువుకుంటే మధ్యలో మరో యంత్రం ఎందుకన్న ప్రశ్నకు జవాబుగా 2000 ఆగస్టులో ఎస్‌క్యూలైట్ తొలి కూర్పు వెలువడింది. దాని మీద ఎవరికీ కాపీరైటు లేదు, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. నేడు అది ఆండ్రాయిడ్, ఐఫోన్ ఫోనులన్నింటిలో ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో ఉంది. ఎయిర్‌బస్ ఏ350 విమానంలోనూ ఉంది. ఆటబొమ్మ అన్న మాటకు ఈ జాబితాయే జవాబు.

నడిసముద్రంలో ఓడకు ఎదురైన ఇబ్బంది కాశీపూర్, మోహనా వైపు కొండదారుల్లో పనిచేసే మనిషికి కొత్త కాదు. కరెంటు పోతుంది, సిగ్నల్ తెగుతుంది, అవతలి యంత్రం పలకదు. అయినా పని ఆగకూడదు.

పుస్తకం ఎవరి చేతిలో ఉంది

రెండింటి మధ్య అసలు తేడా పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే. ఎంబెడెడ్ డేటాబేస్ ఒక లైబ్రరీ, అంటే బిల్లులు వేసే ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయే కొంత కోడ్. ఎస్‌క్యూలైట్ మొత్తం ఒక మెగాబైటుకు అటూఇటూగా ఉంటుంది. పట్టికలు, వాటిలో వెతకడానికి వాడే సూచికలు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. దుకాణదారు తన సొరుగు తెరిచి తన పుస్తకం తానే తీసుకున్నట్లు ప్రోగ్రామ్ ఆ ఫైలును నేరుగా తెరుస్తుంది.

సర్వర్ డేటాబేస్‌లో పుస్తకం ఒక గుమాస్తా దగ్గర ఉంటుంది. ఎవరికి ఏది కావాలన్నా గుమాస్తాకు చెప్పాలి, ఆయన చూసి చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ తనతో మాట్లాడే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను, అంటే విడిగా ఒక గుమాస్తా వంటిదాన్ని, కేటాయిస్తుంది; అమరిక మార్చకుండా వదిలేస్తే ఒకేసారి 100 కనెక్షన్ల వరకు అనుమతిస్తుంది. గుమాస్తా మధ్యలో ఉన్నందువల్లే పదిమంది ఒకేసారి అడిగినా వరుస తప్పదు, ఎవరికి ఏది చూపాలో ఏది చూపకూడదో ఆయనే నిర్ణయిస్తాడు. అదే కారణంగా ప్రతి ప్రశ్నకూ రాకపోకల సమయం పడుతుంది.

ఈ రాకపోకల ఖర్చును సరిహద్దు ఊళ్లలో తక్కువగా అంచనా వేయకూడదు. ఒక తెరను నింపడానికి ప్రోగ్రామ్ ఒకదాని తరువాత ఒకటిగా 200 చిన్న ప్రశ్నలు అడుగుతుందనుకుందాం. సర్వర్ ఏ హైదరాబాదులోనో ముంబైలోనో ఉండి ఒక్కో రాకపోకకు 40 మిల్లీసెకన్లు పడితే, గుమాస్తా పని సున్నా అయినా తెర తెరుచుకోవడానికి 8 సెకన్లు కావాలి. అవే ప్రశ్నలు ఎంబెడెడ్ డేటాబేస్‌లో ఒకే ప్రోగ్రామ్ లోపలి పిలుపులు కాబట్టి కంటికి ఆనవు. ప్రోగ్రామ్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదులో తప్పు చాలాసార్లు డేటాబేస్‌ది కాక దూరానిదై ఉంటుంది. సర్వర్‌కు సరిపడా రాసిన ప్రోగ్రామ్ ఆ 200 ప్రశ్నలను రెండు మూడింటికి కుదిస్తుంది.

చిట్టా, ఆవర్జా, కరెంటు కోత

బిల్లు సగంలో ఉండగా కరెంటు పోతే ఏమవుతుందన్నది వ్యాపారులు అడిగే మొదటి ప్రశ్న. పాత లెక్కల పద్ధతి తెలిసినవారికి జవాబు సులభంగా అర్థమవుతుంది. రోజువారీ లావాదేవీ ముందు చిట్టాలోకి ఎక్కుతుంది, తరువాత తీరికగా ఆవర్జాలో ఆయా ఖాతాలకు చేరుతుంది. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయినా చిట్టా ఉంది కాబట్టి లెక్క పోదు. డేటాబేస్‌లు సరిగ్గా ఇదే చేస్తాయి. మార్పును ముందు ఒక ప్రత్యేక ఫైలు చివర రాసి, అది డిస్క్‌కు చేరిందని నిర్ధారించుకున్న తరువాతే ‘అయింది’ అని చెబుతాయి. అసలు పట్టికల్లోకి తరువాత ఎక్కిస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఏర్పాటు 2001 నుంచి ఉంది. ఎస్‌క్యూలైట్‌లో 2010లో వచ్చింది. అయితే దాన్ని ప్రోగ్రామ్ రాసేవారు కోరి ఎంచుకోవాలి. అంతకుముందు నుంచీ ఉన్న, నేటికీ ముందుగా అమలయ్యే పద్ధతి తిరగేసినది: మార్చబోయే పుటల పాత రూపాన్ని పక్కన దాచి అసలు ఫైలును మారుస్తుంది, మధ్యలో ఆగిపోతే పాత పుటలను తిరిగి అతికిస్తుంది. కరెంటు కోత విషయంలో చిన్న డేటాబేస్ తక్కువ నమ్మకమైనదన్న భయానికి ఆధారం లేదు. డిస్క్ రాయకుండానే రాశానని అబద్ధం చెబితే మాత్రం రెండూ దెబ్బతింటాయి. ఒక యూపీఎస్ పెట్టుకోవడం అన్ని చర్చల కంటే మేలు.

డిస్క్‌కు చేరిందని నిర్ధారించుకోవడానికి సమయం పడుతుంది. ఎస్‌క్యూలైట్ నెమ్మదన్న అపవాదుకు మూలం ఇక్కడే ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాత తరహా హార్డ్‌డిస్క్ మీద సెకనుకు కొన్ని పదుల లావాదేవీలే పూర్తవుతాయి. 5,000 సరుకుల జాబితాను ఒక్కో సరుకును ఒక్కో లావాదేవీగా ఎక్కిస్తే, సెకనుకు 60 చొప్పున చూసినా, నిమిషంన్నర దగ్గర పడుతుంది. అదే జాబితాను మొదట ‘మొదలు’, చివర ‘ముగింపు’ అని చెప్పి ఒకే లావాదేవీగా ఎక్కిస్తే సెకను కూడా పట్టదు. మామూలు కంప్యూటర్ మీద సెకనుకు 50,000 వరుసలు (పట్టికలో ఒక్కో నమోదు ఒక వరుస) చేర్చడం ఎస్‌క్యూలైట్‌కు తేలికే. ప్రోగ్రామ్‌లో చేర్చవలసినవి రెండు వాక్యాలు.

ఒక్కటే కలం

ఎంబెడెడ్ డేటాబేస్‌కు ఉన్న నిజమైన హద్దు పరిమాణం కాదు. ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు సిద్ధాంతపరంగా 281 టెరాబైట్ల వరకు పెరగగలదు, ఏ దుకాణమూ అంత దూరం వెళ్లదు. హద్దు కలం దగ్గర ఉంది. చదివేవారు ఎందరైనా ఉండవచ్చు, రాసేవారు మాత్రం ఒక క్షణంలో ఒక్కరే. ఒకరు రాస్తుంటే ఆ ఫైలు మొత్తానికి తాళం పడుతుంది, రెండోవారు ఆగాలి. చిట్టా పద్ధతిని ఎంచుకుంటే, ఒకరు రాస్తున్నా మిగతావారు చదువుకోవచ్చు. కలం అప్పుడూ ఒక్కటే.

ఇది వినడానికి పెద్ద లోపంలా ఉంటుంది. ఒక బిల్లు రాయడానికి తాళం పడేది కొన్ని మిల్లీసెకన్లే. పండుగ రోజుల్లో నిమిషానికి మూడు బిల్లులు పడే దుకాణంలో కలం దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. రోజుకు లక్షలోపు సందర్శనలు వచ్చే వెబ్‌సైట్‌కు ఎస్‌క్యూలైట్ సరిపోతుందని దాని తయారీదారులే అంచనా ఇచ్చారు, వారి సొంత సైటు కూడా దాని మీదే నడుస్తుంది. అయితే ఒక చిన్న అమరిక మరిచిపోతే ఆ మిల్లీసెకన్లు కూడా బాధిస్తాయి. తాళం పడి ఉంటే ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పకపోతే ఎస్‌క్యూలైట్ అసలు ఎదురుచూడదు, వెంటనే ‘డేటాబేస్ తాళం వేసి ఉంది’ అని తప్పు చూపిస్తుంది. అయిదు సెకన్లు ఆగమని చెబితే చాలామందికి ఆ సందేశం మళ్లీ కనబడదు.

సర్వర్ డేటాబేస్‌లో తాళం మొత్తానికి కాక, మార్చే వరుసకే పడుతుంది. ఎరువుల దుకాణంలో ఒక కౌంటర్ యూరియా నిల్వను తగ్గిస్తుంటే, పక్క కౌంటర్ అదే క్షణంలో డీఏపీ నిల్వను తగ్గించవచ్చు. ఇద్దరూ చివరి యూరియా బస్తా మీదే చేయి వేస్తే రెండోవారు క్షణం ఆగుతారు, తరువాత నిల్వ లేదని తెలుస్తుంది. ఇందుకోసం పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకూ పాత, కొత్త రూపాలను కొంతకాలం పక్కపక్కన ఉంచుతుంది, తరువాత పనికిరానివాటిని ఊడ్చివేస్తుంది.

ఒకే ఫైలు మీద మూడు కంప్యూటర్లు

అన్నింటికంటే ఎక్కువ హాని చేసే అలవాటు ఒకటుంది. ఒక కంప్యూటర్ మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్‌ను దుకాణం పెరిగాక మూడు కంప్యూటర్లలో వేసి, డేటాబేస్ ఫైలును పంచుకున్న ఫోల్డర్‌లో పెడతారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు ఫైలు తెరుచుకోదు, లేదా నిన్నటి బిల్లులు సగం మాయమవుతాయి.

కారణం తాళమే. ఒకే కంప్యూటర్‌లో తాళాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ కాపలా కాస్తుంది. వైఫై మీదుగా పంచుకున్న ఫోల్డర్‌లో ఆ కాపలా నమ్మదగినది కాదు. తాళం పడిందన్న కబురు ఆలస్యంగా చేరవచ్చు, చేరకపోవచ్చు. ఇద్దరికీ కలం తమ చేతిలోనే ఉందనిపిస్తుంది, ఇద్దరూ ఒకే పుట మీద రాస్తారు. చిట్టా పద్ధతి ఎంచుకున్న ఎస్‌క్యూలైట్ అయితే కంప్యూటర్ జ్ఞాపకంలోని (మెమరీలోని) ఒక భాగాన్ని ప్రోగ్రామ్‌ల మధ్య పంచుకుంటుంది; రెండు వేర్వేరు కంప్యూటర్లకు ఒకే జ్ఞాపకం ఉండదు కాబట్టి నెట్‌వర్క్ ఫోల్డర్ మీద ఆ పద్ధతి పనిచేయదు. ఎస్‌క్యూలైట్ పత్రాలు ఈ సంగతిని దాచలేదు. రెండో కంప్యూటర్ వచ్చిన రోజే దారి మార్చాలి. ఫైలు ఉన్న కంప్యూటర్‌లోనే ఒక ప్రోగ్రామ్ కూర్చుని మిగతావారి మాటలు విని రాయాలి, లేదా అదే దుకాణంలో ఒక కంప్యూటర్ మీద పోస్ట్‌గ్రెస్ పెట్టుకోవాలి. సర్వర్ అంటే ఎక్కడో మేఘాల్లో ఉండాలన్న నియమమేమీ లేదు, బల్ల కింద కూడా ఉండవచ్చు.

మూడు లిపులు, ఒక పట్టిక

సరిహద్దు జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు లిపిది. ఖాతాదారుల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్ని హిందీలో ఉంటాయి. మూడు లిపులూ నేటి డేటాబేస్‌లన్నింటిలో నిలుస్తాయి. తేడా వచ్చేది కొలతలోనూ, పేర్లను అమర్చే క్రమంలోనూ.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా, దేవనాగరి సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘లక్ష్మి’ అన్న పేరు చూపుకు రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఒత్తులు, గుడులతో కలిపి ఏడు సంకేతాలు, 21 బైట్లు. ఒరాకిల్ అనే సర్వర్ డేటాబేస్‌లో పేరు గడి వెడల్పు 20 అని మాత్రమే చెబితే, మామూలుగా అది 20 బైట్లనే అర్థం చేసుకుంటుంది, లక్ష్మికి చోటు దొరకదు. వెడల్పును అక్షరాల్లో కొలవమని విడిగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ సంకేతాలను లెక్కిస్తాయి. ఎస్‌క్యూలైట్ వెడల్పును పట్టించుకోనే పట్టించుకోదు.

పేర్లను అమర్చేటప్పుడు ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్ల క్రమాన్నే చూస్తుంది. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దేవనాగరి ముందు, ఒడియా తరువాత, తెలుగు ఆ తరువాత ఉన్నాయి కాబట్టి జాబితాలో హిందీ పేర్లన్నీ ముందు వచ్చి తెలుగు పేర్లు చివరికి పోతాయి. తెలుగులోనూ తేడా ఉంది. యూనికోడ్‌లో ‘ళ’ స్థానం ‘వ’ కంటే ముందు, మన వర్ణమాలలో ‘హ’ తరువాత. అందువల్ల కళావతి కవిత కంటే ముందు నిలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన పదో కూర్పు నుంచి భాషానుసారంగా వరుస పెట్టే ఐసీయూ (యూనికోడ్ కోసం రాసిన ఒక లైబ్రరీ) నియమాలను వాడుకోవచ్చు. ఎస్‌క్యూలైట్‌కు అదే సదుపాయాన్ని విడిగా జతచేయాలి, లేదా ప్రోగ్రామ్‌లోనే వరుస నియమం రాసి ఇవ్వాలి. ఓటర్ల జాబితా వంటి పొడవైన పట్టికలో పేరు వెతుక్కునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

గడిలో ఏమి పడుతుందన్నదీ చూడాలి. పరిమాణం గడిలో ఎవరైనా ‘12 కిలోలు’ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది. ఎస్‌క్యూలైట్ దాన్ని మాటగా ఉంచేసుకుంటుంది. దాని నియమంలో ఏ మాటైనా ఏ అంకె కంటేనైనా పెద్దదే. వంద కంటే ఎక్కువ కొన్నవారిని చూపమంటే పన్నెండు కిలోలు కొన్నవారూ ఆ జాబితాలో చేరతారు. పట్టికల మధ్య సంబంధాలను కాపాడే కాపలా కూడా ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా ఆపివేసి ఉంటుంది, డేటాబేస్‌ను తెరిచిన ప్రతిసారీ ఆ కాపలాను అమలు చేయమని చెప్పాలి.

సరిహద్దుకు రెండు వైపులా

రాయగడలో ఒక దుకాణం, పార్వతీపురంలో మరొకటి ఉన్న వ్యాపారికి కేంద్ర సర్వర్ తప్పనిసరి అనిపించవచ్చు. జీఎస్టీ నియమాలు గమనిస్తే చిత్రం మారుతుంది. రాష్ట్రం మారితే నమోదు వేరు. ఒడిశా సంఖ్య 21తో, ఆంధ్రప్రదేశ్ సంఖ్య 37తో మొదలవుతుంది. బిల్లుల పుస్తకాలు చట్టప్రకారమే విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒక్కో దుకాణం తన ఫైలులో తాను రాసుకుని, సాయంత్రం రెండింటినీ ఒకచోట కలుపుకోవచ్చు. ఒకే నమోదు కింద రాయగడలోనూ గుణుపురంలోనూ బిల్లులు వేస్తే జాగ్రత్త కావాలి: ఒక ఆర్థిక సంవత్సరంలో బిల్లు సంఖ్య మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు మించకూడదు. నియమం ఒకటి కంటే ఎక్కువ బిల్లు సంఖ్యల వరుసలను అనుమతిస్తుంది. ఒక్కో ఊరికి ఒక్కో ముందక్షరం పెడితే రెండు ఫైళ్లలోని ఒకటో నంబరు బిల్లులు గొడవపడవు. రెండు ఊళ్లకూ ఒకే గిడ్డంగి ఉంటే ఈ ఉపాయం చాలదు. చివరి బస్తా ఎవరికి అమ్మారో ఆ క్షణంలోనే తెలియాలి, అక్కడ కేంద్ర సర్వర్‌కు బదులు లేదు.

ఫోనులో నమోదు చేసి సిగ్నల్ దొరికాక పంపే పనుల్లో ఇంకో లోతైన చిక్కు ఉంది. ఒకే పిల్ల బరువును ఇద్దరు కార్యకర్తలు రెండు ఫోనుల్లో నమోదు చేసి, ఇద్దరూ సాయంత్రం పంపితే, చివర చేరినది ముందుదాన్ని చెరిపేయవచ్చు. పెద్ద డేటాబేస్ ఉన్నంత మాత్రాన ఇది తీరదు, ఎందుకంటే అది తన దగ్గరికి చేరినదాన్నే చూడగలదు. పాత బరువును దిద్దకుండా ప్రతి కొలతనూ తేదీతో కొత్త వరుసగా చేర్చితే రెండూ నిలుస్తాయి. ఈ నిర్ణయం పట్టికను గీసే రోజునే తీసుకోవాలి.

చూసుకునే చేతులు

పోస్ట్‌గ్రెస్ ఉచితమే. ఖర్చు మనిషిది. దాని ప్రతి ప్రధాన కూర్పుకూ అయిదేళ్ల మద్దతు ఉంటుంది, ఆ లోపు కొత్తదానికి మారాలి. సంకేతపదాలు (పాస్‌వర్డ్‌లు), హక్కులు, రోజువారీ బ్యాకప్ ప్రతులు చూసుకోవాలి. బదులుగా అది ఇచ్చేవి గొప్పవి: మరో యంత్రం మీద ఎప్పటికప్పుడు నకలు, నిన్న మధ్యాహ్నం 3 గంటలకు లెక్క ఎలా ఉందో ఆ స్థితికి తిరిగి వెళ్లే వీలు, గుమాస్తాకు బిల్లు మాత్రమే, యజమానికి లాభమూ కనబడేలా హక్కుల విభజన.

ఎస్‌క్యూలైట్‌లో హక్కుల విభజన లేదు. ఫైలు ఎవరి పెన్‌డ్రైవ్‌లోకి వెళితే లెక్కంతా వారిదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక క్లినిక్‌లకు ఇది పెద్ద విషయం. రోగుల వివరాలున్న ఫైలును ఎస్‌క్యూఎల్‌సైఫర్ వంటి సాధనంతో గుప్తం చేయాలి. బ్యాకప్ తీసుకోవడంలోనూ ఒక ఉచ్చు ఉంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫైలును మామూలుగా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది రావచ్చు. చిట్టా పద్ధతిలో కొత్త బిల్లులు పక్కనున్న చిట్టా ఫైలులోనే ఉండిపోయి, కాపీలోకి రాకపోవచ్చు. ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న బ్యాకప్ ఆదేశంతో తీసిన ప్రతి నమ్మదగినది.

ఎంబెడెడ్ అంటే ఎస్‌క్యూలైట్ ఒక్కటే అనుకోనవసరం లేదు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ నుంచి వెలువడిన డక్‌డీబీ కూడా లైబ్రరీయే. అది పట్టికలోని ఒక్కో నిలువు గడిని కలిపి దాస్తుంది కాబట్టి అయిదేళ్ల అమ్మకాలను నెలవారీగా కూడడం వంటి పనుల్లో చాలా వేగంగా ఉంటుంది, బిల్లు వేయడానికి మాత్రం తగినది కాదు.

ఒకదాని నుంచి మరొకదానికి

చిన్నదానితో మొదలుపెట్టి అవసరం వచ్చాక పెద్దదానికి మారడం సరిహద్దు పట్టణాల్లోని చాలా దుకాణాలకు తగిన దారి. మారే రోజున కష్టం పెట్టేది డేటా బరువు కాదు, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోని ‘12 కిలోలు’ వంటి గడులు. 2021 నవంబరులో వచ్చిన 3.37 కూర్పు నుంచి ఎస్‌క్యూలైట్‌లో పట్టికను ‘స్ట్రిక్ట్’ అని ప్రకటించవచ్చు. అప్పుడు అంకెల గడిలో మాటలు పడవు. కొత్తగా ప్రోగ్రామ్ చేయించుకునేవారు ఆ ఒక్క మాటను ప్రతి పట్టిక చివర రాయించుకుంటే, పట్టికల మధ్య సంబంధాలను కాపాడే కాపలాను అమలు చేయించుకుంటే, అయిదేళ్ల తరువాత సర్వర్‌కు మారే పని వారాల బదులు ఒక రాత్రిలో ముగుస్తుంది.